ఎండాకాలంలో రోజూ మిగిలిపోతున్న సావర్డో స్టార్టర్, దాంతో ఐరిష్ సోడా బ్రెడ్: సబ్బు వాసన ఎందుకొస్తోంది?

బుడ్డలచేను (అనంతపురం), ఏప్రిల్ 27, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. సంక్రాంతి నుంచి ఇంట్లో సావర్డో స్టార్టర్ (బ్రెడ్ పొంగడానికి పిండి, నీళ్లు కలిపి పులియబెట్టి పెట్టుకునే ముద్ద) పెంచుతున్నాను. చలికాలంలో రోజుకు ఒకసారి పిండి, నీళ్లు కలిపితే చాలేది. ఇప్పుడు మా వంటింట్లో మధ్యాహ్నానికే 37 డిగ్రీలు దాటుతోంది. పొద్దున కలిపిన పిండి మూడు గంటల్లో రెట్టింపై, మళ్లీ మూడు గంటలకు చప్పబడి, ముక్కు దగ్గర పెడితే ఘాటు కొడుతోంది. అందుకని రెండు పూటలా పిండి మార్చాల్సి వస్తోంది. మార్చినప్పుడల్లా ఒక గ్లాసుడు పాత పిండి తీసేయాలి. తీసింది ఫ్రిజ్‌లో దాస్తే వారానికి పెద్ద సీసా నిండుతోంది.

మా ఇంట్లో రొట్టె చేసేటప్పుడు పళ్లెంలో మిగిలిన జొన్నపిండిని కూడా మా జేజి (నానమ్మ) జల్లించి మళ్లీ డబ్బాలో పోస్తుంది. వాన కోసం ఆకాశం వైపు చూసి బతికిన మనిషి. ఆమె ముందు గోధుమపిండి సింకులో పోయడం నా చేత కాలేదు. మొదట్లో అట్లు పోశాను, బాగానే వచ్చాయి. రోజూ అట్లే అంటే పిల్లలు ఒప్పుకోరు కదా.

ఈస్ట్ లేకుండా వంటసోడాతో లేపే ఐరిష్ సోడా బ్రెడ్‌లో ఈ పాత పిండి కలపొచ్చని చదివి నిన్న చేశాను. గోధుమపిండి సగం, మైదా సగం, మొత్తం 450 గ్రాములు. పాత స్టార్టర్ 200 గ్రాములు. ఎండాకాలం తాగడానికి చేసిన మజ్జిగ 350 మిల్లీలీటర్లు. వంటసోడా ఒకటిన్నర టీస్పూను, అదీ గుండుగా. కేకు గిన్నెలో వేసి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 40 నిమిషాలు పెట్టాను.

పైన చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కోస్తే లోపల పసుప్పచ్చగా ఉంది, నడుమ చాకుకు అంటుకుంది, నోట్లో పెట్టుకుంటే సబ్బు. జేజి ఒక ముక్క తిని, ఏమీ అనకుండా నీళ్లు తాగింది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

---

కొండారెడ్డిబురుజు (కర్నూలు), ఏప్రిల్ 27, ఉదయం 7:52

సోడా ఎక్కువైంది అక్కా. మేము శెనగపిండి బజ్జీలకు కిలో పిండికి కూడా అంత వేయము.

---

కార్క్‌లో_కడప, ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:30

అక్కా, మాది కడప. ఆరేళ్లుగా ఐర్లండ్‌లో కార్క్‌లో ఉంటున్నాను. మా పక్కింటి పెద్దావిడ వారానికి రెండుసార్లు ఈ బ్రెడ్ చేస్తుంది. ఆమె చేతి కింద నేర్చుకున్నది చెబుతాను.

అసలు సోడా బ్రెడ్‌లో ఉండేవి నాలుగే: పిండి, ఉప్పు, వంటసోడా, మజ్జిగ. గుడ్డు, చక్కెర, వెన్న ఉండవు. ఎండుద్రాక్ష వేసినదాన్ని ఇక్కడ 'స్పాటెడ్ డాగ్' అంటారు, అది వేరే ముచ్చట. అమెరికాలో మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండక్కి చేసే తియ్యటి రొట్టె చూసి, అదే సోడా బ్రెడ్ అనుకుంటారు చాలామంది.

ఇక్కడి వాన, చల్లదనం వల్ల పండే గోధుమ మెత్తటిది, దాంట్లో జిగురు తక్కువ. ఈస్ట్ వేసి పొంగించే బ్రెడ్‌కు ఆ పిండి బలం సరిపోదు. 1830ల తర్వాత వంటసోడా చవగ్గా దొరకడం మొదలయ్యాక పల్లెల్లో ఈ రొట్టె పాతుకుపోయింది. పేదిళ్లలో ఓవెన్ ఎక్కడిది? మూడు కాళ్ల ఇనుప కుండ ఉండేది, 'బాస్టిబుల్' అంటారు. ముద్దను అందులో పెట్టి, మూత మీద కూడా నిప్పులు పరిచి కాల్చేవాళ్లు. అచ్చం మన దమ్ బిర్యానీ పద్ధతి. మజ్జిగ కూడా కొన్నది కాదు, ఇంట్లో వెన్న చిలికాక మిగిలిందే. ఆమె ఇది చెప్తుంటే నాకు మా అవ్వ కవ్వం పట్టుకుని కూర్చునే వసారా గుర్తొచ్చింది.

మనసులో మాట చెప్పాలంటే స్టార్టర్ కలపడం ఇక్కడి పాత పద్ధతి కాదు. కానీ పారబోసే పిండిని వాడుకోవడం ఈ రొట్టె పుట్టిన తీరుకు విరుద్ధం కూడా కాదు. ఇంట్లో ఉన్నదాంతో గడుపుకున్న వాళ్ల రొట్టె ఇది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ముద్దను పిసకొద్దు. చపాతీ పిండిలా మర్దించారంటే అది రాయి. వేళ్లు విడదీసి, గిన్నెలో గుండ్రంగా నాలుగైదు తిప్పులు తిప్పి, దగ్గరికి రాగానే ఆపేయాలి. అటు నుంచి అటే ఓవెన్‌లోకి పోవాలి.

---

టీచరమ్మ_నంద్యాల, ఏప్రిల్ 27, రాత్రి 8:15

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్స్ చెప్పాను. ఇది నాకిష్టమైన పాఠం, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

వంటసోడా క్షారం. మజ్జిగలో, స్టార్టర్‌లో ఉన్నది ఆమ్లం, ఎక్కువగా లాక్టిక్ ఆమ్లం. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఆ బుడగలే రొట్టెను లేపుతాయి. ఆమ్లానికి సరిపోయినంత సోడా ఉంటే అది మొత్తం ఖర్చయిపోతుంది. ఎక్కువైతే మిగిలిన సోడా ఓవెన్ వేడికి సోడియం కార్బనేట్ అవుతుంది, అంటే చాకలి సోడా. అమ్మాయీ, నీ నాలుకకు తగిలిన సబ్బు అదే. లోపల పసుపు రంగు కూడా దాని పనే. గోధుమలో సహజంగా ఉండే కొన్ని రంగు పదార్థాలు క్షారం తగిలితే పచ్చబడతాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్ల చిక్కటి పుల్ల మజ్జిగకు అర టీస్పూను సోడా సరిపోతుంది. నువ్వు వాడింది దాహానికి చేసిన మజ్జిగ. ఒక గ్లాసు పెరుగుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి ఉంటావు. దాంట్లో పులుపు పావు వంతే, మరి సోడాను ఎక్కడికని పట్టుకుంటుంది? నీ 200 గ్రాముల స్టార్టర్‌కు మహా అయితే పావు టీస్పూను లెక్కేసుకోవచ్చు. మజ్జిగ వాటా కలుపుకున్నా అర టీస్పూను లోపే. నువ్వు వేసింది తలకొట్టకుండా ఒకటిన్నర. మూడు, నాలుగింతలు ఎక్కువ.

ఐతే సోడా తగ్గించేస్తే సరిపోదు, అప్పుడు రొట్టె లేవదు. పులుపు పెంచాలి. ఒక రోజు బయట ఉంచి బాగా పులిసిన పెరుగును అర వంతు నీళ్లతో చిలుకు. స్టార్టర్ కూడా ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉన్నదైతే పులుపు బాగుంటుంది.

ఇంకో మాట. నువ్వు చేసిన రొట్టె ఇంకా ఉంటే, చిటికెడు పసుపు నీళ్లలో కలిపి లోపలి మెత్తటి భాగం మీద ఒక చుక్క వెయ్యి. ఎర్రబడితే సోడా మిగిలిపోయినట్టే. పారాణి ఎర్రగా ఎందుకుంటుంది? పసుపులో సున్నం కలిపినందుకు. అదే సూత్రం.

---

బుడ్డలచేను, ఏప్రిల్ 27, రాత్రి 9:40

టీచరమ్మా! ఇప్పుడే వేసి చూశాను. చుక్క పడగానే ఇటుక రంగు, పది సెకన్లలో పారాణి ఎరుపు! పిల్లలిద్దరూ ముక్క ముక్కకూ వేసి చూస్తామని పసుపు డబ్బా పట్టుకున్నారు. జేజి వచ్చి చూసి, "దిష్టి నీళ్లు అయ్యిందే" అంది. ఆమెకు ఒక్క మాటలో అర్థమైపోయింది.

మజ్జిగ విషయం కూడా మీరు చెప్పినట్టే, ఒకటికి మూడు నీళ్లు. ఈ ఎండకు అంతకంటే చిక్కగా ఎవరూ తాగరు. వంటకాల్లో మజ్జిగ అని రాసి ఉంటే మన కుండలోని మజ్జిగే అనుకున్నాను.

---

గువ్వలచెరువు_ఘాట్, ఏప్రిల్ 28, ఉదయం 6:30

నడుమ అంటుకున్న సంగతి ఎవరూ చెప్పలేదే. ఓవెన్ ముందే వేడెక్కించావా అక్కా? ముద్ద ఎత్తెంత? వేడిగా ఉన్నప్పుడే కోశావా?

---

బుడ్డలచేను, ఏప్రిల్ 28, ఉదయం 6:48

వేడెక్కించలేదు. ఎత్తు మూడు అంగుళాలు ఉంటుంది. తీసిన రెండు నిమిషాలకే కోశాను, పిల్లలు ఆగలేదు.

---

గువ్వలచెరువు_ఘాట్, ఏప్రిల్ 28, ఉదయం 7:05

మూడూ తప్పే. నేను బేకరీలో పనిచేసినవాణ్ని. చల్లటి ఓవెన్‌లో పెడితే వేడి ఎక్కేలోపు సోడా గ్యాసంతా పోతుంది. ఓటీజీ రెండు కడ్డీలూ వేసి 200 డిగ్రీల మీద కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వాలి. గిన్నె వద్దు, పళ్లెం మీద జానెడు వెడల్పు, ఒకటిన్నర అంగుళం ఎత్తు ముద్ద పెట్టు. పైన చాకుతో కూడిక గుర్తులా లోతుగా గాటు పెట్టు, సగం లోతు దాకా. నడుమకు వేడి పోయే దారి అదే. నలభై ఐదు నిమిషాలు. తిరగేసి అడుగున వేలి కణుపుతో కొడితే డొల్ల చప్పుడు రావాలి. థర్మామీటర్ ఉంటే లోపల 95 డిగ్రీలు. తర్వాత గుడ్డ చుట్టి గంటసేపు ముట్టుకోవద్దు. వేడి మీద లోపలి పిండి ఇంకా కుదురుకోదు, కోస్తే ముద్దగానే ఉంటుంది.

పళ్లెం బదులు కడప బండ ముక్క ఓవెన్‌లో పెట్టుకుంటే అడుగు ఇంకా బాగా కాలుతుందని ఒక ఆలోచన ఉంది. మా ఊళ్లో కావాల్సినన్ని పడున్నాయి.

---

రాళ్లసీమ_మేస్త్రీ (బేతంచెర్ల), ఏప్రిల్ 28, ఉదయం 9:20

అన్నా, కడప బండ మాత్రం వద్దు. అది సున్నపురాయి జాతి, పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్య చెమ్మ ఉంటే వేడికి పెళ్లలు లేస్తాయి. నేలకు, అరలకు దాన్ని మించిన రాయి లేదు. దాని పని అక్కడే. మందపాటి ఇనుప దోసె పెనం ఓవెన్‌లో పట్టితే అదే పెట్టుకో అక్కా.

---

కార్క్‌లో_కడప, ఏప్రిల్ 28, మధ్యాహ్నం 2:10

ఆ కూడిక గాటు గురించి పక్కింటావిడ చెప్పేది: రొట్టెలో చేరిన దేవకన్యలు బయటికి పోవడానికని. శిలువ ఆకారం కాబట్టి దీవెన గుర్తు అని చెప్పేవాళ్లూ ఉన్నారు. గాటు పెట్టకుండా మాత్రం ఆమె ఒక్కసారీ ఓవెన్ తలుపు వేయలేదు.

---

పులియని_పిండి (జమ్మలమడుగు), ఏప్రిల్ 28, సాయంత్రం 6:00

ఒక సందేహం, కొంచెం అభ్యంతరం కూడా. స్టార్టర్‌లో ఈస్ట్, బ్యాక్టీరియా ప్రాణంతో ఉంటాయి. నాలుగు నెలలు బిడ్డలా సాకిన పిండిలో సోడా వేసి నిమిషంలో ఓవెన్‌లోకి తోస్తే ఆ ప్రాణానికి పని ఏముంది? నిజమైన సావర్డో రాత్రంతా పొంగాలి. ఇలా చేసినదాన్ని సావర్డో సోడా బ్రెడ్ అని పిలవడం నాకు సరి అనిపించట్లేదు.

---

టీచరమ్మ_నంద్యాల, ఏప్రిల్ 28, రాత్రి 7:45

పేరు విషయంలో మీతో నేను ఏకీభవిస్తాను. దీన్ని లేపేది సోడా. స్టార్టర్‌లోని ఈస్ట్ ఇక్కడ ఏమీ చేయదు.

కానీ ఆ ప్రాణులు తమ పని ముందే చేసేశాయి. రోజుల తరబడి పిండిని తిని ఆమ్లాలు తయారు చేశాయి. లాక్టిక్ ఆమ్లం పెరుగులాంటి పులుపునిస్తే, అసిటిక్ ఆమ్లం ఆ ఘాటునిస్తుంది. సోడాతో కలిసి గ్యాసు ఇచ్చేది, రొట్టెకు లోతైన రుచి ఇచ్చేది అవే. పైగా ఈ అమ్మాయి పారబోసేది ఆకలి తీరిపోయి చప్పబడిన పిండి. దాంతో పొంగే బ్రెడ్ చేద్దామన్నా సరిగ్గా లేవదు. బ్రెడ్‌కు తాజాగా పొంగిన స్టార్టర్ కావాలి, దీనికి పాతదే మేలు.

ఒక జాగ్రత్త. ఫ్రిజ్‌లో ఉన్నదాని మీద బూడిద రంగు నీళ్లు తేలితే భయం లేదు, కలిపేసుకోవచ్చు. గులాబీ, నారింజ చారలు కనిపించినా, బూజు పట్టినా మొత్తం పారేయాలి. పైపైన తీసేసి వాడొద్దు. జేజిగారికి కూడా ఆ ఒక్కదానికి నచ్చజెప్పు.

---

పులియని_పిండి, ఏప్రిల్ 28, రాత్రి 8:30

చప్పబడిన పిండి అన్న మాటతో ఒప్పుకున్నానమ్మా. మా ఇంట్లో కూడా ఒక సీసా ఉంది, ఈ ఆదివారం చూస్తాను.

---

నాన్నకు_బీపీ (ప్రొద్దుటూరు), ఏప్రిల్ 29, ఉదయం 8:00

మా నాన్నకు బీపీ. ఉప్పు తగ్గించి చేస్తే పెట్టొచ్చా?

---

టీచరమ్మ_నంద్యాల, ఏప్రిల్ 29, ఉదయం 8:40

ఉప్పు ఒక్కటే కాదు, వంటసోడా బరువులో నాలుగో వంతుకు పైగా సోడియమే. రుచికి తెలియదు కాబట్టి లెక్కలోకి రాదు అనుకుంటాం. డాక్టరును అడిగి, ఒక ముక్కతో సరిపెట్టండి.

---

రొట్టెలపెనం (ఆదోని), ఏప్రిల్ 29, ఉదయం 11:15

ఓవెన్ లేనోళ్ల సంగతేంది? మా ఇంట్లో స్టవ్వు, ఇనుప పెనం, ఇంతే. స్టార్టర్ మాత్రం ఉంది, మా పాప హాస్టలు నుంచి తెచ్చింది.

---

కార్క్‌లో_కడప, ఏప్రిల్ 29, మధ్యాహ్నం 1:50

ఆదోని అక్కా, నీకోసమే ఒకటి ఉంది! ఐర్లండ్ ఉత్తరాన సోడా బ్రెడ్‌ను పెనం మీదే కాలుస్తారు. పేరు 'ఫార్ల్'. నాలుగో భాగం అని దాని అర్థం. ముద్దను అర అంగుళం మందాన చేత్తో తట్టి గుండ్రంగా చేసి, నాలుగు ముక్కలుగా కోసి, పెనం మీద పేర్చుతారు. నూనె వేయరు, పొడి పిండి చల్లుతారు అంతే.

పెనం వేడి చూసుకునే పద్ధతి మనకు కొత్తేం కాదు. చిటికెడు పిండి చల్లితే మెల్లగా లేత గోధుమ రంగుకు రావాలి. వెంటనే మాడితే వేడి ఎక్కువ. సన్న మంట మీద ఒక్కో వైపు ఎనిమిది నుంచి పది నిమిషాలు. చివర్న ముక్కల్ని అంచుల మీద నిలబెట్టి, పక్కలు కూడా తడి ఆరేదాకా ఉంచాలి. జొన్నరొట్టె చేసిన చేతికి ఇది ఎంత పని?

---

రొట్టెలపెనం, ఏప్రిల్ 29, మధ్యాహ్నం 2:25

జొన్నరొట్టె నీళ్లు అద్ది కాలుస్తాం, పెద్ద మంట కావాల. ఇది సన్న మంట అంటివి. గుర్తు పెట్టుకుంటా. జొన్నపిండి కలపొచ్చునా?

---

గువ్వలచెరువు_ఘాట్, ఏప్రిల్ 29, సాయంత్రం 5:30

మొత్తం పిండిలో నాలుగో వంతు మించొద్దమ్మా. జొన్నలో గోధుమ జిగురు ఉండదు, ఎక్కువైతే కోసేటప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది. జల్లించిన సన్న పిండి వాడు. ఒక స్పూను నీళ్లు అదనంగా పడతాయి.

---

బుడ్డలచేను, మే 3, మధ్యాహ్నం 12:20

మూడోసారికి కుదిరింది! రెండోసారి సోడా తగ్గింది కానీ జల్లించలేదు, అక్కడక్కడ గోధుమ రంగు చుక్కలు పడి, అవి పంటి కింద చేదు. అందుకని ఈసారి ప్రతిదీ తూకం వేసి చేశాను.

గోధుమపిండి 200 గ్రాములు, మైదా 150. ఉప్పు 7 గ్రాములు. సోడా సమంగా కొట్టి ముప్పావు టీస్పూను, పిండితో కలిపి రెండుసార్లు జల్లించాను. నాలుగు రోజుల స్టార్టర్ 200 గ్రాములు. అందులో సగం పిండి, సగం నీళ్లు కాబట్టి అసలు పిండి మొత్తం 450 అయింది. ఆ లెక్క మొదటిసారి నాకు తట్టలేదు, నీళ్లు అదనంగా పడ్డాయి. పుల్ల పెరుగు చిలికిన చిక్కటి మజ్జిగ 250 మిల్లీలీటర్లు. ముందు స్టార్టర్‌ను మజ్జిగలో కరిగించాను, లేకపోతే తీగలు సాగుతూ పిండిలో కలవదు. ఒకేసారి పోసి, వేళ్లతో తిప్పి, ముద్ద కాగానే పళ్లెం మీదికి, అక్కణ్నుంచి ఓవెన్‌లోకి. గిన్నె కడిగి వచ్చేలోపు గాటు విచ్చుకుంటోంది.

గంటసేపు ఆగడం పిల్లలకు కష్టమైంది. పసుపు చుక్క వేస్తే పసుపుగానే ఉంది. లోపల తెలుపు, చిన్న చిన్న కన్నాలు, కొంచెం పుల్లదనం, అంచు కరకర. సబ్బు జాడ లేదు.

జేజికి వెన్న రాసి ఇచ్చాను. ఆమె వెన్న పక్కన పెట్టి, ఊరిబిండి (బుడ్డలు, అంటే వేరుశెనగలు, నూరిన పచ్చడి) అడిగింది. బుడ్డల ఊరిబిండి ఈ రొట్టె మీద ఎంత బాగుంటుందో నేను చెప్తే చాలదు, మీరు తినాలి. పులుపు రొట్టెలో ఉంది కదా, ఊరిబిండిలో చింతపండు కొంచెం తగ్గించుకోండి. పొద్దున తిని, సాయంత్రం ఇంకో ముక్క అడిగింది. "ఆ పాత పిండి ఇంకా ఉందా?" అని ఫ్రిజ్ తెరిచి చూసింది.

---

కార్క్‌లో_కడప, మే 3, సాయంత్రం 4:00

పక్కింటావిడకు ఫొటో చూపించాను. గాటు బాగా విచ్చుకుందని మెచ్చుకుంది. బుడ్డల పచ్చడి వాసన చూడాలని ఉందంట. ఈసారి కడప నుంచి వచ్చేటప్పుడు తెస్తానని మాటిచ్చాను.

---

రొట్టెలపెనం, మే 4, రాత్రి 8:50

పెనం మీద చేసినా. అక్క కొలతల్లో సగం తీసుకున్నా, గోధుమపిండి మీద ఒక గుప్పెడు జొన్నపిండి. మొదటి వాయి అర అంగుళం కంటే మందమైంది, లోపల పచ్చి. రెండోది చెప్పినట్టే తట్టి, మూత పెట్టి ఒక వైపు తొమ్మిది నిమిషాలు, తిప్పి మూత తీసి ఎనిమిది. అంచులు నిలబెట్టి కాల్చేటప్పుడు పట్టకారు కంటే రెండు అట్లకాడలు మేలు. పసుపు చుక్క పసుపే. మా ఆయన ఎర్రకారం పూసుకుని మూడు ముక్కలు తిన్నాడు, పొద్దున డబ్బాలో పెట్టమన్నాడు. పొద్దుటికి గట్టిపడుతుందా, చెప్పండి.

---

గువ్వలచెరువు_ఘాట్, మే 4, రాత్రి 9:15

గట్టిపడుతుందమ్మా, సోడా రొట్టె ఏ రోజుకారోజు తినేది. నడుమకు అడ్డంగా చీల్చి, కోసిన వైపు పెనం మీద ఒక నిమిషం వేడి చేసి డబ్బాలో పెట్టు. మధ్యాహ్నం దాకా బాగుంటుంది.